ఆరుగురు, 5 రోజులు, ఒక ఘాట్: రోడ్డు ట్రిప్ ప్రాజెక్టు డైరీ

8 వారాల ముందు: చిత్తు ప్రతి

చేతిలో ఉన్నవి 5 పగళ్లు, 4 రాత్రులు, 7 సీట్ల డీజిల్ బండి ఒకటి. మనుషులు ఆరుగురు. స్టీరింగ్ పట్టేవాళ్లు ఇద్దరు, డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఇద్దరు, 8 ఏళ్లు, 4 ఏళ్ల పిల్లలు ఇద్దరు. చూడాలనుకున్నవి నది, కొండ, అడవి, సముద్రం. నాలుగూ కావాలంటే చిత్తు ప్రతి ఇలా తేలింది:

రోజు 1: ఇల్లు నుంచి నది ఒడ్డు ఊరు, 310 కి.మీ., హైవే
రోజు 2: అక్కడి నుంచి కొండ ఊరు, 180 కి.మీ., చివరి 70 ఘాట్ (కొండ మలుపుల రోడ్డు)
రోజు 3: కొండ ఊరు నుంచి అడవి అంచు, 220 కి.మీ.
రోజు 4: అడవి అంచు నుంచి సముద్ర తీరం, 240 కి.మీ.
రోజు 5: తీరం నుంచి ఇల్లు, 290 కి.మీ.

మొత్తం 1,240. మ్యాపు ప్రకారం ఏ రోజూ అయిదున్నర గంటలు దాటలేదు కాబట్టి అందరూ సరే అనేశారు. కిలోమీటర్లు చూసి సరే అన్న ప్లాన్‌ను గంటల్లోకి మార్చి చూసేదాకా ఒక్క రూము కూడా బుక్ చెయ్యకూడదు.

మ్యాపు చెప్పేది చక్రాలు తిరిగే సమయం మాత్రమే. పెద్దవాళ్లు, పిల్లలు, నిండా సామాను ఉన్న బండికి దాన్ని పెంచుకోవాలి. ఇక్కడ వాడిన గుణకాలు: నాలుగు వరసల హైవేకి 1.15, ఊళ్ల మధ్య నుంచి పోయే రెండు వరసల రోడ్డుకి 1.25, ఘాట్‌కి 1.4. ఆగడానికి పట్టే సమయం విడిగా రాసుకోవాలి. ‘అయిదు నిమిషాలే’ అని ఆపిన బండి ఆరుగురితో పాతిక నిమిషాలకు గానీ కదలదు. నిలపడానికి చోటు వెతకాలి, టాయిలెట్ దగ్గర వంతు రావాలి, చిన్నపిల్ల సీటు బెల్టు మళ్లీ బిగించాలి.

రెండో రోజునే తీసుకుని లెక్క వేస్తే: 110 కి.మీ. మామూలు రోడ్డు, మ్యాపులో 2 గంటల 20 నిమిషాలు, 1.25తో 2 గంటల 55. ఘాట్ 70 కి.మీ., మ్యాపులో 2 గంటల 40, 1.4తో 3 గంటల 44. బండి నడిచేదే 6 గంటల 39 నిమిషాలు. భోజనానికి గంట, చిన్న ఆగుళ్లు మూడు (గంటుంబావు), వ్యూ పాయింట్లు రెండు (గంట). పొద్దున 8కి బయల్దేరితే సాయంత్రం 5:54కి చేరతాం.

యాప్ ఆ రోజు సూర్యాస్తమయం 6:10 అంటోంది, అంటే సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ యాప్ లెక్క చదునైన దిగంతానికి. పడమర వైపు గట్టు అడ్డుంటే లోయలో ఎండ చాలా ముందే పోతుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు. గట్టు అంత ఎత్తున నిలబడి ఉంటే, ఉష్ణమండల ప్రాంతాల్లో 40 నిమిషాల ముందే నీడ పడుతుంది. అలా అయితే ఘాట్‌లో చివరి హెయిర్‌పిన్ మలుపులు మసక వెలుతురులో, అలసిన డ్రైవర్‌తో, తెలియని రోడ్డు మీద దాటాల్సి వస్తుంది. చిత్తు ప్రతి ఇక్కడే కొట్టుకుపోయింది.

6 వారాల ముందు: కోత

రాత్రి బసలే ఈ ప్లాన్‌కు గుంజలు. అవి ముందు పాతుకుంటే చూసేవి వాటి మధ్య ఎలాగోలా సర్దుకుంటాయి. చూసేవి ముందు రాసుకుని బసలు తర్వాత ఇరికిస్తే, రోజూ చీకటి పడ్డాక రిసెప్షన్ ముందు నిలబడాలి.

తీసేసింది అడవి అంచు. కారణాలు రెండు. అభయారణ్యాల గుండా పోయే రోడ్లు చాలాచోట్ల సాయంత్రం గేటు వేసేస్తారు. అరగంట ఆలస్యమైతే చుట్టూ తిరిగి పోవాలి, లేదా వెనక్కి తిరగాలి. పిల్లలతో ఆ పందెం అనవసరం. రెండోది, ఒక్క రాత్రి బస కోసం సామాను దింపడానికి ముప్పావు గంట, పొద్దున సర్ది ఎక్కించడానికి గంట పోతుంది. వరసగా నాలుగు రాత్రులు నాలుగు చోట్ల అంటే దాదాపు ఒక పగలంతా సామాను మోతకే పోయినట్టు. అందుకని కొండ ఊళ్లో రెండు రాత్రులు.

కొత్త ప్రతి: 310, 180, మూడో రోజు కొండ ఊళ్లోనే 40 లోపు, నాలుగో రోజు కొండ ఊరు నుంచి నేరుగా తీరానికి 190, అయిదో రోజు 290. మొత్తం 1,010 కి.మీ. అడవి పోయిందని పెద్దబ్బాయి అలిగాడు. మూడో రోజు పొద్దున కొండ మీద రెండు గంటల కాలిబాటతో రాజీ కుదిరింది.

రెండో రోజును ఇలా తిరగరాశాం: 7కి బయల్దేరడం, మధ్యలో ఒకే ఆగుడు, 10:20కి ఘాట్ అడుగు, అక్కడ 40 నిమిషాలు తేలికపాటి తిండి, 11కి ఎక్కడం మొదలు, వ్యూ పాయింట్లకు మొత్తం గంట. 3:44కి బస. అసలు భోజనం పైకి చేరాకే. ఘాట్ ముందు కడుపు నిండా తింటే వాంతులు, మరీ ఖాళీగా ఉన్నా వాంతులే.

ఏ వైపు నుంచి తిరగాలన్నది చాలామంది ఆలోచించరు. చూడటానికి వెళ్లే ట్రిప్‌లో అది సగం సంగతి. బండ్లు ఎడమవైపు నడిచే దేశాల్లో సముద్రం ఎడమ చేతికి వచ్చేలా చుట్టు తిరగాలి. వ్యూ పాయింట్ కనిపించగానే ఎదురు ట్రాఫిక్‌ను కోసుకుపోకుండా పక్కకు దిగిపోవచ్చు. కుడివైపు నడిచే దేశాల్లో దీనికి ఉల్టా. సూర్యుడి సంగతీ చూడాలి. పొద్దున్నే తూర్పుకి, సాయంత్రం పడమరకి నడిపితే ఎండ కళ్లలో పొడుస్తుంది, ఫొటోలు కూడా నల్లబడతాయి.

కొండకు రెండు రోడ్లున్నాయి: ఒకటి నిటారు, ఒకటి పొడుగు, వాలు తక్కువ. నిటారుది ఎక్కడానికి, వాలు తక్కువది దిగడానికి. చాలామంది ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతుందని భయపడి ఉల్టా చేస్తారు. కూలెంట్ సరిగా ఉన్న నేటి ఇంజన్ ఎక్కుడును తట్టుకుంటుంది, బ్రేకులు మాత్రం పొడుగాటి నిటారు దిగుడును తట్టుకోవు. పైగా ఇరుకు ఘాట్లలో ఎక్కే బండికి దారివ్వడం చాలా దేశాల్లో ఆనవాయితీ.

5 వారాల ముందు: బసలు

బుక్ చేసే వరస తేదీల వరస కాదు. ప్రత్యామ్నాయాలు తక్కువున్న చోటు ముందు. కాబట్టి కొండ ఊరు, తర్వాత తీరం, ఆఖరున నది ఒడ్డు. మూడూ ఉచితంగా రద్దు చేసుకునే రేటులోనే. రద్దు గడువును క్యాలెండర్‌లో రెండు రోజుల ముందుకి జరిపి అలారం పెట్టాం, అసలు గడువు రోజున అందరూ పనుల్లో ఉంటారు.

ఫోన్ చేసి అడిగినవి, ఫొటోల్లో కనపడనివి:

బండి ఆవరణ లోపలే నిలుస్తుందా, పొడవు 4.7 మీటర్లు, గేటు దగ్గర మలుపు తిరుగుతుందా? గదికి ఎన్ని మెట్లు? ‘గ్రౌండ్ ఫ్లోర్’ అంటే కొండ ఊళ్లలో రోడ్డుకు ఒక అంతస్తు కింద అని కూడా కావచ్చు. చివరి రెండు కిలోమీటర్లు తారా, మట్టా? రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? వేడి నీళ్లు ఏ వేళల్లో? మ్యాపులో ఉన్న పిన్ సరైనదేనా, లేకుంటే అక్షాంశ రేఖాంశాలు పంపగలరా?

ఆఖరి ప్రశ్న తప్పనిసరి. కొండల్లో పిన్ వంద మీటర్లు తప్పిందంటే పక్క లోయ రోడ్డు మీదకి పోతాం, వెనక్కి రావడానికి అరగంట. తీరం హోటల్ పంపిన అంకెలు మ్యాపులో పెట్టి చూస్తే అసలు గేటు వెనక వీధిలో తేలింది.

చెక్-ఇన్ 2 గంటలకు అయితే, ఒంటి గంటకే చేరినా అప్పటిదాకా లాబీలో పిల్లల్ని ఆడించాలి. మొదటి రోజు లెక్క 4 గంటలకు చేరడం కాబట్టి బాధ లేదు. నాలుగో రోజు 190 కి.మీ. మాత్రమే కనుక పొద్దున 9కి ముందు బయల్దేరనక్కర్లేదు. ఆ గంటలు కొండ ఊళ్లోనే గడపాలి.

4 వారాల ముందు: బండి

సర్వీసింగ్ ఇప్పుడే. బయల్దేరే వారంలో చేయిస్తే అక్కడ వదులుగా బిగించిన క్లిప్పు దారిలో బయటపడుతుంది. సర్వీసింగ్ తర్వాత కనీసం కొన్ని వందల కిలోమీటర్లు ఊళ్లో తిరిగి ఉండాలి.

టైర్ పక్క గోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3522 అంటే 2022లో 35వ వారం. ట్రెడ్ లోతుకు చాలా దేశాల్లో చట్టం పెట్టిన హద్దు 1.6 మి.మీ. వానలో 3 కంటే తగ్గితే నీటి మీద తేలిపోయే ప్రమాదం పెరుగుతుంది. గాలి ఒత్తిడికి డ్రైవర్ తలుపు చట్రం మీద స్టిక్కర్‌లో రెండు వరసలుంటాయి. నిండు బండికి రెండో వరస చూడాలి. టైర్ పక్క గోడ మీద అచ్చేసిన గరిష్ఠ అంకెతో నింపకూడదు.

కొండ మీదకు చేరాక ‘చల్లగా ఉంది, గాలి తగ్గి ఉంటుంది’ అని చాలామంది గాలి కొట్టిస్తారు. లెక్క వేస్తే అవసరం ఉండదు. నది ఒడ్డు 300 మీటర్లు, కొండ ఊరు 1,900. కిలోమీటరు ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున అక్కడ పదిన్నర డిగ్రీలు చల్లగా ఉంటుంది. చల్లదనానికి టైర్‌లో సుమారు 2 పి.ఎస్.ఐ. తగ్గాలి. కానీ బయటి గాలి ఒత్తిడి కూడా అక్కడ రెండున్నర దాకా తక్కువ. గేజ్ చూపించేది లోపలికీ బయటికీ తేడానే కాబట్టి, కింద 33 నింపితే పైన 33, 34 మధ్యే చూపిస్తుంది. ముట్టుకోకుండా వదిలెయ్యడమే. షాంపూ సీసా మాత్రం వదిలెయ్యకూడదు. నొక్కి గాలి కొంచెం తీసేసి మూత పెట్టకపోతే పైకెళ్లేసరికి సంచిలో కారుతుంది.

స్టెప్నీ ఈ మోడల్‌లో డిక్కీ లోపల కాదు, బండి కింద తీగకు వేలాడుతుంది. దించే కడ్డీ డిక్కీ అడుగున చిన్న రంధ్రంలోంచి పోతుంది. తీగ తుప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలే. ఒకసారి దించి, గాలి చూసి, తీగకు గ్రీజు రాసి మళ్లీ ఎత్తాం. లాక్ నట్లు ఉన్న చక్రాలకు దాని తాళం ముక్క గ్లవ్ బాక్స్‌లోనే ఉండాలి, సామాను అడుగున కాదు.

3 వారాల ముందు: దిగుడు

ప్లాన్ మొత్తంలో నిజంగా ప్రమాదం ఉన్నది నాలుగో రోజు పొద్దున. ఖాళీ బండి 1,750 కిలోలు, మనుషులు 350, సామాను 120, పైన పెట్టె 30. మొత్తం 2,250. ఇంత బరువు 1,900 మీటర్లు దిగి సముద్ర మట్టానికి వస్తే విడుదలయ్యే శక్తి 42 మెగాజౌళ్లు, అంటే పదకొండున్నర యూనిట్ల కరెంటు. వెయ్యి వాట్ల హీటర్ పదకొండున్నర గంటలు వెలిగినంత వేడి. కొంత గాలి, టైర్ల రాపిడి తింటాయి. మిగిలింది ఇంజన్ అయినా మింగాలి, బ్రేక్ ప్యాడ్లయినా మింగాలి.

అందుకే గేరు. ఆ వాలు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే, ఇంకా నిటారైతే ఒకటి తగ్గించి దిగాలి. ఆటోమేటిక్ బండిలో డీ లో వదిలేస్తే అదే పై గేరుకి పోతుంది. మాన్యువల్ మోడ్‌లోనో ‘ఎల్’ లోనో పెట్టాలి. న్యూట్రల్ మాట ఎత్తకూడదు. బ్రేకును ఊరికే ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా నొక్కి తగ్గించి పూర్తిగా వదలాలి. వదిలిన ఆ క్షణాల్లోనే డిస్కు చల్లబడుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి 205, 140. గొట్టంలో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. రెండేళ్లు దాటిన ఆయిల్ కనుక మార్పించాం. దిగేటప్పుడు కాలిన వాసన వచ్చినా, పెడల్ కొంచెం లోతుకు పోతున్నట్టనిపించినా చదునైన చోట ఆపి అరగంట చల్లారనివ్వాలి. డిస్కు మీద నీళ్లు పొయ్యకూడదు, వంకరపోతుంది.

ఇదే దారి ఎలక్ట్రిక్ బండితో వెళ్లేవాళ్లకు లెక్క వేరు. 1,600 మీటర్లు ఎక్కడానికే మామూలు ఖర్చు మీద దాదాపు 10 యూనిట్లు అదనంగా కావాలి. ఘాట్ అడుగున మీటరు చూపే రేంజిని నమ్మకూడదు. పైన రాత్రి నూరు శాతం ఛార్జ్ పెట్టినా తప్పే. పొద్దున దిగేటప్పుడు బ్యాటరీలో చోటు లేక రీజెనరేషన్ (దిగుడు వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీకి పంపే ఏర్పాటు) పనిచెయ్యదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. 80 దగ్గర ఆపెయ్యాలి.

ఘాట్ మూసేస్తే? వాన పడితే మట్టి పెళ్లలు జారే రోడ్డు ఇది. ప్రత్యామ్నాయం 260 కి.మీ. నాలుగో రోజు పొద్దున 7కి ఒకే నిర్ణయం, ఆ తర్వాత మార్పు లేదు.

2 వారాల ముందు: రిహార్సల్

పూర్తి సామాను, ఆరుగురితో 90 కి.మీ. సగం పూట. బయటపడ్డవి: వెనక కుంగి హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడుతున్నాయి, డ్యాష్‌బోర్డు మీద లెవెల్ చక్రం రెండు గీతలు తిప్పితే సరిపోయింది. మూడో వరస ఎత్తితే డిక్కీలో గట్టి సూట్‌కేసు ఒక్కటే పడుతోంది, కాబట్టి అన్నీ మెత్తని సంచులు. పైన పెట్టెలో దుప్పట్లు, చెప్పులు, ఖాళీ బకెట్ లాంటి తేలికవే. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో పైకప్పు హద్దు 75 కిలోలు, అందులో క్యారియర్ బరువు కూడా కలుస్తుంది. పైన బరువు పెరిగే కొద్దీ మలుపుల్లో బండి ఊగుతుంది.

బాగా పనికొచ్చింది ‘ఒక రాత్రి సంచి’. నది ఒడ్డున, తీరాన ఒక్కో రాత్రే కనుక ఆరుగురి రాత్రి బట్టలు, బ్రష్షులు, ఛార్జర్లు ఒకే సంచిలో, తలుపు పక్కనే. మిగతాదంతా కొండ ఊరుకి చేరేదాకా డిక్కీలోంచి కదలదు. సామాను ముప్పావు గంట కాస్తా పది నిమిషాలైంది.

పెద్దబ్బాయికి మూడో వరసలో తల తిరిగింది. రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లకే ఇది ఎక్కువ: చెవి లోపలి భాగం కదులుతున్నాం అంటుంది, పుస్తకం మీదో ఫోన్ మీదో ఉన్న కన్ను లేదంటుంది. ఘాట్‌లో వాడు రెండో వరసకి, ముందు అద్దంలోంచి దూరం కనిపించేలా. చిన్నదాని సీటు ఐసోఫిక్స్‌తో (పిల్లల సీటును బండికి బిగించే కొక్కేలు) రెండో వరసలోనే ఉంటుంది, కదలదు. మూడో వరసకి పెద్దవాళ్లు ఎక్కలేరు కాబట్టి ఘాట్‌లో అక్కడ కూర్చునేది డ్యూటీలో లేని డ్రైవరే, మధ్యలో విశ్రాంతి కూడా. వాంతి మాత్ర వేస్తే డాక్టర్‌ని అడిగి, ఎక్కడానికి అరగంట నుంచి గంట ముందు. మత్తు వస్తుంది కనుక స్టీరింగ్ పట్టేవాళ్లు వేసుకోకూడదు.

వారం ముందు: మ్యాపు, మందులు, వంతులు

ఆఫ్‌లైన్ మ్యాపులు రెండు వేర్వేరు యాప్‌లలో, రెండు ఫోన్లలో, దారికి ఇరువైపులా కనీసం 30 కి.మీ. వెడల్పున. దించుకున్నాక ఫ్లైట్ మోడ్‌లో పెట్టి దారి వెతికి చూడాలి. జి.పి.ఎస్.కు నెట్ అక్కర్లేదు, కానీ ట్రాఫిక్, రోడ్డు మూసివేత సమాచారం రాదు. ఘాట్ అడుగున సిగ్నల్ ఉండగానే ఒకసారి తాజా చూసుకోవాలి.

మందులు డిక్కీలో వద్దు, గ్లవ్ బాక్స్‌లోనూ వద్దు. ఎండలో నిలిపిన బండి లోపల 50 డిగ్రీలు దాటొచ్చు. పెద్దవాళ్ల మందులు చేతి సంచిలో, అయిదు రోజులకు కాకుండా ఏడు రోజులకు. కూర్చునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది కాబట్టి రెండు గంటలకొకసారి దిగి నడవాల్సిందే, అదే డ్రైవర్ మార్పిడి వేళ కూడా. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ఒళ్లు దానంతటదే మగతకు లోనవుతుంది. మొదటి రోజు ఆ రెండు గంటలు, పొద్దున నడపని మనిషివి.

డీజిల్: ఘాట్ అడుగున ట్యాంకు నిండుగా. మిగతా చోట్ల సగానికి వస్తే తర్వాతి బంకులోనే.

ముందు రోజు

ఒక్క కాగితం, రెండు ప్రతులు. ఒక్కో రోజుకు నాలుగే గీతలు: బయల్దేరే వేళ, చేరే వేళ, బస ఫోన్ నంబరు, ‘ఇది దాటితే వ్యూ పాయింట్ వదిలెయ్యాలి’ అనే గంట. రెండో రోజుకు ఆ గంట మధ్యాహ్నం 1:30. అప్పటికి ఘాట్‌లో సగం ఎక్కకపోతే రెండో వ్యూ పాయింట్ దగ్గర ఆగం. మూడో రోజు ఎలాగూ ఖాళీ, ఆ చోటుకి కిందకి దిగి రావడానికి 12 కి.మీ.

టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే నింపాలి. స్టెప్నీలో రెండు పి.ఎస్.ఐ. ఎక్కువ. సామాను రాత్రే ఎక్కించి, పొద్దునకు ఒక రాత్రి సంచి, నీళ్లు, మందుల సంచి, చిన్నదాని దిండు మాత్రం మిగిల్చాం. ట్రిప్ మీటర్ సున్నా. బయల్దేరేది 8కి. పిల్లలకు చెప్పింది ఏడున్నర.